భాస్కరమూర్తి గారి ఇంగ్లిష్ వీపు

నవ్యశ్రీ దిగవలసిన స్టాపు ఇంకా రెండు స్టాపుల అవతల ఉంది. అయితే ట్రామ్ కిటికీలోంచి చూస్తే, వానలో గొడుగు లేకుండా భాస్కరమూర్తి గారు నిలబడి కనిపించారు. అటు తిరిగి ఉన్నారు. పొడవాటి కోటు, టోపీ, ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్ల మేర కిందికి. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి నవంబరు వానలో అలా తడుస్తుంటే చూసీ చూడనట్టు వెళ్లిపోవడానికి ఆమెకు మనసొప్పలేదు. గబగబా దిగి, గొడుగు విప్పి, పట్టాలు దాటి పరుగెత్తింది.

"అంకుల్! ఏంది అంకుల్, గిట్ల తడుస్తున్రు?" అంటూ ఆయన మీద గొడుగు పట్టింది.

పట్టాక తెలిసింది, అది పోస్టరు అని. ట్రామ్ స్టాపు అద్దాల వెనక నిలువెత్తున అతికించిన పోస్టరు. పక్కన బెంచీ మీద కూర్చున్న జర్మన్ పెద్దావిడ ఆమెను కాసేపు చూసి, "ఆయన తడవడు లెండి, లోపల ఉన్నాడుగా" అంది నిదానంగా.

నవ్యశ్రీది జగిత్యాల. కార్ల్స్‌రూహెకు వచ్చి మూడేళ్లయింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ఆ ఊళ్లోని దుర్లాఖ్ పేటలో భాస్కరమూర్తి గారింట్లో పై అంతస్తులో అద్దెకు ఉంటోంది. ఆయనది తెనాలి. వైద్యం చదవడానికి వెయ్యి తొమ్మిదివందల అరవై ఆరులో హైడెల్‌బెర్గ్ వచ్చి, ఎముకల డాక్టరై, ముప్పై అయిదేళ్లు ఈ ఊళ్లోనే పనిచేసి రిటైరయ్యారు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకుని కూడా నలభై ఏళ్లు దాటింది. రోజూ ఆయన పెరట్లో గులాబీ మొక్కల ముందు నిలబడి ఉండగా పై కిటికీలోంచి చూస్తుంది కాబట్టి, ఆ వీపు విషయంలో నవ్యశ్రీ పొరపాటు పడే అవకాశం లేదు. పోస్టరును ఫోన్‌లో ఫొటో తీసుకుని ఇంటికి వచ్చింది.

భాస్కరమూర్తి గారి భార్య లలితాంబ గారు వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్నారు. ఫోన్ చూసి, "ఈయనే. ఎప్పుడు తీశావమ్మా? టోపీ కొత్తగా ఉందే" అన్నారు.

"నేను తియ్యలే ఆంటీ. అది సినిమా పోస్టర్. ఇంగ్లండోళ్ల పాత సినిమా. శనివారం దీని మీద లెక్చర్ ఉందట."

"సినిమా ఏవిటి? ఇది ఈయన వీపు."

"గదే నేనంటున్న."

పోస్టరు మీద ఉన్నది నవ్యశ్రీ చదివి వినిపించింది. 'ఒక ఇంగ్లిష్ వీపు: హార్‌గ్రేవ్, వేరెష్ చిత్రాలలో జాతీయత. ప్రొఫెసర్ గుడ్రున్ ఎబర్లే ప్రసంగం. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు, దుర్లాఖ్ ఫిల్మ్ సంఘం హాలులో.'

హాల్లో పేపరు చదువుతున్న భాస్కరమూర్తి గారు లేచి వచ్చారు. కళ్లజోడు సరిచేసుకుని ఫోన్ వంక చాలాసేపు చూశారు. తరువాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"దొరికిపోయాను" అన్నారు.

*

అది వెయ్యి తొమ్మిదివందల అరవై ఎనిమిది నవంబరు. హార్‌గ్రేవ్ అనే ఇంగ్లిష్ దర్శకుడు, వేరెష్ అనే హంగరీ రచయిత కలిసి లండన్‌లో పాతికేళ్లుగా సినిమాలు తీస్తున్నారు. టైటిల్స్‌లో ఎవరి పని ఏమిటో విడిగా వేసుకోరు, ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేసుకుంటారు. ఇంగ్లండ్ అంటే ఏమిటో, ఇంగ్లిష్ వాడు ఎలా ఉంటాడో వాళ్ల సినిమాల్లో చూసి తెలుసుకున్నామని ఇంగ్లిష్ వాళ్లే చెప్పుకునేవారు. వాళ్ల ఆఖరి సినిమా 'వంతెన మీద ఆదివారం' షూటింగుకు హైడెల్‌బెర్గ్‌లో నెకార్ నది ఒడ్డుకు వచ్చారు. యుద్ధంలో ఇంగ్లిష్ వాళ్లు కూల్చిన వంతెనను, యుద్ధం అయ్యాక కట్టించడానికి ఒక ఇంగ్లిష్ మేజర్ జర్మనీకి వస్తాడు. కట్టించి వెళ్లిపోతూ, వానలో వంతెన మీద నిలబడి నదిని చూస్తాడు. వెనక నుంచి తీసిన రెండు నిమిషాల నలభై సెకన్ల షాటు అది. దాంతో సినిమా అయిపోతుంది.

మేజరు వేషం వేసిన పెద్ద నటుడికి జలుబు చేసింది. వానలో నిలబడను పొమ్మన్నాడు. వెనక నుంచే కదా అని ఇంకొకరి కోసం వెతికారు. వంతెన పక్కనే విద్యార్థుల హాస్టలు. ఇరవై అయిదేళ్ల భాస్కరమూర్తి అప్పుడే రొట్టె కొనుక్కుని వస్తున్నాడు.

"కోటు తొడిగారు, టోపీ పెట్టారు, చేతులకు గ్లౌజులు ఇచ్చారు. కాలరు పైకెత్తమన్నారు. అంతే. తెనాలి అంగుళం కూడా బయటికి కనపడలేదు" అన్నారు భాస్కరమూర్తి గారు.

లలితాంబ గారు చిక్కుళ్ల పళ్లెం పక్కన పెట్టారు. "యాభై రెండేళ్లు. యాభై రెండేళ్ల నుంచీ ఒక సినిమా నటుణ్ణి పెట్టుకుని కాపురం చేస్తున్నానా నేను? ఒక్క ముక్క చెప్పలేదేం?"

"మా మావయ్య వద్దన్నాడు."

ఆయన మేనమామ హనుమంతరావు తెనాలిలో పేరున్న రంగస్థల నటుడు. మేనల్లుడు సినిమాలో వేశాడని ఉత్తరం అందగానే నలుగురు నాటకాల మిత్రులను వెంటబెట్టుకుని రైలెక్కి మద్రాసు వెళ్లాడు. ఒకే రోజు మూడు ఆటలు చూశారు. తరువాత కార్డు రాశాడు: 'నువ్వు ఎక్కడా లేవు. ఊరి వాళ్ల ముందు తల ఎత్తుకోలేకుండా చేశావు.' చివరన కనిపించే వీపు నాదే మావయ్యా అని భాస్కరమూర్తి బదులు రాశాడు. దానికి మరో కార్డు వచ్చింది: 'ప్రేక్షకులకు వీపు చూపించిన వాడు నటుడు కాడు. నేను చచ్చే వేషంలో కూడా జనం వైపే పడతాను. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు. పరువు పోతుంది.'

"అందుకని చెప్పలేదు" అన్నారు భాస్కరమూర్తి గారు. గొంతులో ఇంకా ఆ కార్డు అందిన రోజే ఉంది.

"ఆయన పోయి ముప్పై ఏళ్లయింది కదండీ!"

"చెప్పొచ్చని కూడా ఎవరూ రాయలేదుగా."

నవ్యశ్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "శనివారం పోదాం ఆంటీ. టికెట్లు నేను బుక్ చేస్తా."

*

దుర్లాఖ్ ఫిల్మ్ సంఘం హాలు ఒకప్పటి కుట్టుమిషన్ల గోదాము. నలభై మంది దాకా వచ్చారు. ప్రొఫెసర్ ఎబర్లే యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది, మాట్లాడుతుంటే చేతులు ఒకచోట ఆగవు, తను చెప్పే విషయం మీద ఆవిడకు అంత ప్రేమ. పదకొండేళ్లు కూర్చుని ఆ ఇద్దరి సినిమాల మీద పుస్తకం రాసింది. పుస్తకం అచ్చులో ఉంది. అట్ట మీద కూడా ఆ వీపే.

ముందు ఆఖరి షాటు వేశారు. తెర మీద వాన. వంతెన. వీపు. లలితాంబ గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. ఆ వీపు ఆవిడకు బాగా తెలిసినదే, కానీ అప్పటికి ఆయన ఎవరో ఆవిడకు తెలియదు. ఆయనకూ ఆవిడ ఎవరో తెలియదు. "ఎంత సన్నగా ఉన్నారో చూడు. ఆ రొట్టె తిననిచ్చారో లేదో పాపం" అన్నారు నవ్యశ్రీ చెవిలో.

తరువాత ప్రొఫెసర్ తెర మీది బొమ్మను ఆపి, పొడవాటి కర్రతో ఎడమ భుజాన్ని చూపించింది.

"ఈ భుజాన్ని చూడండి. రెండు వేళ్ల మేర కిందికి దిగింది. ఒక సామ్రాజ్యం అలసిపోవడం ఇది. గెలిచిన వాడి సిగ్గు ఇది. ఏ జర్మన్ ఇలా నిలబడలేడు, ఏ ఫ్రెంచివాడూ నిలబడలేడు. వెయ్యేళ్ల ఇంగ్లిష్ వానలో తడిస్తే తప్ప ఒక వీపు ఇలా తయారుకాదు. నూట ముప్పై రెండో సెకనులో మెడ కొద్దిగా వంగుతుంది, చూశారా? అక్కడ అతను ప్రార్థిస్తున్నాడు."

ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి జేబురుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన మిస్టర్ కోల్బీ. ఊళ్లో నలభై ఏళ్లు ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఇంగ్లిష్ వాడు. బ్రిటన్ యూరప్ నుంచి విడిపోయాక, ఇక్కడే ఉండిపోవడానికి ఆయన కూడా జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్నాడు. సంఘంలో ఇంగ్లండుకు సంబంధించిన ఏ విషయానికైనా ఆయన మాటే ఆఖరు.

ప్రశ్నల సమయం వచ్చింది. భాస్కరమూర్తి గారు చెయ్యి ఎత్తారు. లేచి నిలబడి, కోటు గుండీ పెట్టుకున్నారు.

"క్షమించాలి. ఆ భుజం నాది" అన్నారు జర్మన్‌లో.

ప్రొఫెసర్ ముఖం వికసించింది. "ఎంత బాగా చెప్పారు! ఒక రకంగా అది మనందరిదీ."

"మీ అందరిదీ కాదండీ. నాది. నెకార్ వంతెన మీద నిలబడ్డది నేను. ప్రార్థన కూడా చేయలేదు. మర్నాడు అనాటమీ పరీక్ష. మణికట్టులో ఎనిమిది ఎముకలు ఉంటాయి, వాటి పేర్లు వల్లె వేసుకుంటున్నాను. ఏడోది గుర్తు రాక తల వంచాను."

హాలు ఒక్కసారి గుసగుసలతో నిండిపోయింది. కోల్బీ వెనక్కి తిరిగి, ఎంతో మర్యాదగా, "అయ్యా, నేను ఆ సినిమా ఇరవై ఆరుసార్లు చూశాను. అది ఇంగ్లిష్ వీపు" అన్నాడు.

"దానికి నేనేం చేయను?" అన్నారు భాస్కరమూర్తి గారు.

సంఘం కార్యదర్శి ఫోల్కర్ అనే సన్నటి మనిషి. రిటైరవక ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేశాడు. అతను లేచి అందరినీ శాంతించమన్నాడు. "డాక్టర్ గారూ, మీ దగ్గర ఏదైనా ధ్రువపత్రం ఉందా?"

"దేనికి?"

"వీపుకు."

లేదన్నారు భాస్కరమూర్తి గారు. అయితే ఈ విషయాన్ని వచ్చే శనివారం సమావేశంలో నియమం ప్రకారం చర్చిస్తామని ఫోల్కర్ ప్రకటించాడు. మంగళవారం నాడు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం కూడా వచ్చింది. అందులో మూడో అంశం: 'డాక్టర్ భాస్కరమూర్తి గారి వీపు. సాక్ష్యాల పరిశీలన. గరిష్ఠంగా నలభై నిమిషాలు.'

"నలభై నిమిషాల టెర్మిన్, అపాయింట్‌మెంట్ దొరికింది అంకుల్! నా వీసాకే పది నిమిషాలు ఇయ్యలే ఆఫీసోళ్లు" అంది నవ్యశ్రీ.

భాస్కరమూర్తి గారు నవ్వలేదు. నాలుగు రోజులుగా ఆయనకు సరిగా తిండి సయించడం లేదు. యాభై అయిదేళ్ల కిందట మావయ్య ఒప్పుకోలేదు. ఇప్పుడు నలభై మంది జర్మన్లు, ఒక ఇంగ్లిష్ వాడు నమ్మడం లేదు. ఎవరి వీపుకైనా ఇన్నిసార్లు అవమానం జరిగి ఉంటుందా అని లలితాంబ గారిని అడిగారు.

"సాక్ష్యం కావాలంటున్నారుగా, వెతకండి మరి. కెల్లర్‌లో మీ పాత పెట్టెలున్నాయి. నన్ను ఒక్క కాగితం పారేయనిచ్చారా ఎప్పుడైనా?" అన్నారు ఆవిడ.

నవ్యశ్రీ, ఆయన కలిసి నేలమాళిగలో రెండు మధ్యాహ్నాలు వెతికారు. బుధవారం దుమ్ము, పాత నోట్సులు. గురువారం ఒక గోధుమరంగు కవరు. అందులో ఎక్స్‌రే. అడుగున జర్మన్‌లో తేదీ: పదకొండు నవంబరు, వెయ్యి తొమ్మిదివందల అరవై ఎనిమిది. విద్యార్థులు ఒకరికొకరు ఎక్స్‌రే తీసుకుని నేర్చుకునే రోజులవి. షూటింగుకు సరిగ్గా వారం ముందు.

భాస్కరమూర్తి గారు దాన్ని బల్బుకు ఎదురుగా పట్టుకున్నారు. ఎడమ కాలర్ బోన్ మధ్యలో వంకరగా అతుక్కున్న గుర్తు తెల్లగా మెరిసింది.

"ఇదుగో నవ్యా, చిన్నప్పుడు నాకు కట్టు కట్టిన మా ఊరి పిచ్చయ్య చేతిపని!" అన్నారు, చిన్నపిల్లాడిలా.

*

శనివారం హాలు చాలలేదు. ఊళ్లోకి వార్త పాకింది. జనం గోడల వెంట నిలబడ్డారు.

మొదట లలితాంబ గారిని సాక్షిగా పిలిచారు. పట్టుచీర కట్టుకుని, పైన చలికోటు వేసుకుని ఆవిడ ముందుకు వచ్చారు.

"తెర మీద ఉన్న వీపును మీరు గుర్తించగలరా?" అడిగాడు ఫోల్కర్.

"యాభై రెండేళ్ల నుంచీ ఆయన టీవీ చూస్తూ, పేపరు చదువుతూ, మొక్కలకు నీళ్లు పోస్తూ నాతో మాట్లాడుతున్నారు. ముఖం అయితే ఒకవేళ పొరపాటు పడతానేమో గానీ, వీపు విషయంలో పడను" అన్నారు ఆవిడ. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఫోల్కర్ అది రాసుకున్నాడు.

తరువాత ఎక్స్‌రేను ప్రొజెక్టరు వెలుగులో పెట్టి, తెర మీది భుజం సైజుకు తెచ్చారు. మేజరు కోటు లోపల ఎముకలు కనిపించాయి. భాస్కరమూర్తి గారు కర్ర తీసుకుని, ఆసుపత్రిలో జూనియర్లకు చెప్పినట్టే చెప్పారు.

"పదకొండో ఏట సైకిలు మీద నుంచి కాలువలో పడ్డాను. ఎడమ కాలర్ బోన్ విరిగింది. మా ఊళ్లో పిచ్చయ్య అని కట్టు కట్టేవాడు ఉండేవాడు. కోడిగుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఆ రోజు ఆయన కూతురి పెళ్లి. కంగారులో బద్ద ఒకటి తిరగేసి పెట్టాడు. ఎముక ఇదిగో, ఇలా అతుక్కుంది. ఆ తేడా ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. తెర మీద కూడా అంతే ఉంది, కావలిస్తే కొలుచుకోండి. మీరు సామ్రాజ్యం అలసట అంటున్నది పిచ్చయ్య కట్టు."

కొలిచారు. ముప్పై నాలుగే.

ప్రొఫెసర్ ఎబర్లే కుర్చీలో కూర్చుండిపోయింది. "నా పుస్తకం పదిహేను రోజుల్లో వస్తోంది. మూడో అధ్యాయం మొత్తం ఈ భుజమే" అంది, ఎవరితోనూ కాదు.

భాస్కరమూర్తి గారికి గెలిచిన సంతోషం అక్కడే సగం దిగిపోయింది. ఆవిడ పక్కకు వెళ్లి కూర్చున్నారు.

"ప్రొఫెసర్ గారూ, ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజు పొద్దున్న ఆరుగురు ఇంగ్లిష్ వాళ్లను ఆ వంతెన మీద నిలబెట్టి చూశారట. వాళ్ల కెమెరా వాళ్లను, డ్రైవర్లను. ఒక్కడూ పనికిరాలేదు. బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డారట. నన్ను చూడగానే హార్‌గ్రేవ్ అక్కర్లేదన్నాడు. వేరెష్ ఉంచమన్నాడు. గొడుగు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన జర్మన్ నా జర్మన్ లాగే ఉంది. ఏ ఊరని అడిగాడు. తెనాలి అన్నాను. ఆయన తన ఊరి పేరు చెప్పాడు. ఆయన ఊరు నాకు తెలియదు, నా ఊరు ఆయనకు తెలియదు. 'లండన్‌లో ముప్పై ఏళ్లుగా ఉంటున్నా ఒక్కడు కూడా నన్ను ఇంగ్లిష్ వాడు అనుకోలేదు. అందుకని వాళ్లు ఎలా నిలబడతారో చూస్తూ ఉంటాను. వాళ్లకు ఆ చూసే పని లేదు. నువ్వు కూడా ఇక్కడి వాళ్లను చూస్తూ ఉంటావుగా? అలాగే ఉండు' అన్నాడు."

"ఆయన అలా అన్నారా?" ప్రొఫెసర్ చప్పున తలెత్తింది. "నిజంగా అన్నారా? ఇది ఎక్కడా రాసి లేదు!" అని చేతిసంచిలోంచి పెన్ను తీసి, ఎక్స్‌రే కవరు మీదే రాసుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు లేచాడు మిస్టర్ కోల్బీ. ముఖం ఎర్రబడి ఉంది.

"అయితే నా సంగతి ఏమిటి?" అన్నాడు. "పన్నెండో ఏట మా నాన్న నన్ను లీడ్స్‌లో ఈ సినిమాకు తీసుకెళ్లాడు. హాలు బయటికి వచ్చి, 'మనవాడంటే అలా నిలబడాలిరా' అన్నాడు. ఇంటికి వెళ్లి రెండద్దాలు పెట్టుకుని నేర్చుకున్నాను. నెల పట్టింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా అలాగే నిలబడ్డాను. నా క్లాసులో పిల్లలు నన్ను వెనక నుంచి చూసే ఇంగ్లిష్ వాడంటే ఏమిటో నేర్చుకున్నారు. నా భార్య నన్ను మొదట చూసింది వెనక నుంచే!"

ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఎడమ భుజం రెండు వేళ్ల మేర కిందికి.

ఫోల్కర్ గొంతు సవరించుకుని, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలని ప్రతిపాదించాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సంఘం నాటకాల బీరువాలోంచి రెండు పాత కోట్లు, రెండు టోపీలు తెచ్చారు. ఇద్దరినీ వేదిక మీది పరదా వెనక్కి పంపించి, అటు తిరిగి నిలబడ్డాక పరదా తీశారు. ఎవరు ఎటు ఉన్నదీ జనానికి తెలియదు. వీరిలో ఇంగ్లిష్ వాడెవరో చీటీ మీద రాయమన్నారు.

ఓట్లు లెక్కపెట్టారు. యాభై ఎనిమిది మంది ఎడమవైపు నిలబడ్డ మనిషి ఇంగ్లిష్ వాడన్నారు. తొమ్మిది మంది కుడివైపు మనిషి అన్నారు. ఇద్దరు ఎటూ రాయలేదు. ఇద్దరినీ ఇటు తిరగమన్నారు.

ఎడమవైపు భాస్కరమూర్తి గారు.

"కుడివైపాయన కొంచెం అనుకరిస్తున్నట్టు అనిపించింది" అన్నాడు వెనక గోడ దగ్గరి కుర్రవాడు, తప్పు చేసినట్టుగా.

కోల్బీ వేదిక మెట్టు మీదే కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "యాభై అయిదేళ్లు నేను ఎవరిలా నిలబడ్డాను?"

"తెనాలి వాడిలా" అన్నారు భాస్కరమూర్తి గారు. అని, అది ఓదార్పులా వినిపించలేదని గ్రహించి, "మంచి ఊరే" అని చేర్చారు.

ఫోల్కర్ తీర్మానం చదివాడు: 'పరిశీలన జరిగింది. వీపు ఇంగ్లిష్‌దే. అందులో ఉన్న వ్యక్తి డాక్టర్ భాస్కరమూర్తి. సమయం ముప్పై ఎనిమిది నిమిషాలు.' అందరూ బల్లల మీద వేళ్లతో దరువు వేసి హర్షం తెలియజేశారు. జర్మన్లు తరగతి గదిలో అలాగే చేస్తారు.

ట్రామ్ స్టాపుకు నడుస్తూ లలితాంబ గారు, "మావయ్య గారు ఉంటే ఏమనేవారంటారు?" అని అడిగారు.

"ఎడమవైపు వాడు బాగా చేశాడు, కానీ జనం వైపు తిరగలేదు అనేవాడు" అన్నారు భాస్కరమూర్తి గారు. అని నవ్వారు. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

*

పుస్తకం నెల ఆలస్యంగా వచ్చింది. ప్రొఫెసర్ ఎబర్లే మూడో అధ్యాయాన్ని తీసేయలేదు. చివర ఆరు పేజీలు చేర్చింది. అందులో పిచ్చయ్య పేరు కూడా ఉంది. తెనాలి ఎక్కడుందో తెలిపే చిన్న మ్యాపు వేసింది. ఆ ఇద్దరు కలిసి తీసిన ఇంగ్లండును వాళ్లలో ఒకడు బయట నుంచి చూసి కట్టాడని, అది నిలబడడానికి కారణం కూడా అదేనని రాసింది. అంతకు ముందు రాసిన దానికంటే ఇదే బాగుందని ఆవిడే ఫోన్ చేసి చెప్పింది.

కోల్బీ మాత్రం సంఘానికి రావడం మానేశాడు. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు, ఒక ఉదయం, భాస్కరమూర్తి గారి ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే కోల్బీ. చేతిలో బిస్కెట్ల డబ్బా.

"డాక్టర్, మిమ్మల్ని కలవడానికి రాలేదు. అంటే, డాక్టరుగా కలవడానికే వచ్చాను. నా ఎడమ భుజం ఇరవై ఏళ్లుగా నొప్పి. ఎవరూ కారణం చెప్పలేకపోతున్నారు."

లోపల కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, భాస్కరమూర్తి గారు వేళ్లతో భుజమంతా తడిమి చూశారు. చెయ్యి ఎత్తించారు, తిప్పించారు.

"ఎముకలో ఏ లోపమూ లేదు."

"మరి నొప్పి?"

"నాది విరిగి అతుక్కుంది కాబట్టి అలా ఉంటుంది. మీది శుభ్రంగా ఉంది, మీరే వంచి పట్టుకున్నారు. యాభై అయిదేళ్లు పట్టుకుంటే కండరం ఊరుకుంటుందా?"

కోల్బీ చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. "మానేయమంటారా?"

"ఒక్కసారిగా వద్దు. పొద్దున్నే పది నిమిషాలు గోడకు ఎదురుగా నిలబడి, రెండు అరచేతులూ గోడకు ఆనించి, భుజాలు సమంగా ఎత్తి పట్టుకోండి. ఆ పది నిమిషాలూ ఇంగ్లిష్ వాడిగా ఉండకండి. మిగతా రోజంతా మీ ఇష్టం."

అప్పటి నుంచి కోల్బీ మంగళవారం, శుక్రవారం దుర్లాఖ్ వస్తున్నాడు. ఒంటరిగా చేస్తే పాత భంగిమలోకి జారిపోతున్నాడని, ఎవరో ఒకరు వెనక నుంచి చూడాలని చెప్పాడు. ఆయన భార్య పోయి ఆరేళ్లయిందని లలితాంబ గారికి రెండో వారం తెలిసింది. ఆ రోజు నుంచి కాఫీతో పాటు ఉప్మా కూడా పెడుతున్నారు.

జనవరిలో ఒక శుక్రవారం, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంట్లోనే ఉన్న నవ్యశ్రీ పార్సిల్ తీసుకోవడానికి కిందికి వచ్చింది. హాల్లో ఇద్దరు పెద్దమనుషులు గోడకు ఎదురుగా, ఇటు వీపులు పెట్టి నిలబడి ఉన్నారు. ఒకరి భుజం వంకరగా, ఒకరిది దాదాపు సమంగా.

"డాక్టర్," అంటున్నాడు కోల్బీ గోడతో, "ఇలా నిలబడితే నేను ఎవరిలా ఉన్నాను?"

"నేనూ గోడకేసే చూస్తున్నానుగా, నాకెలా తెలుస్తుంది? మా నవ్యను అడగండి."

నవ్యశ్రీ పార్సిల్ పట్టుకుని కాసేపు చూసింది. "ఇంకొంచెం కుడి భుజం దించాలె అంకుల్. ఆఁ, గంతే. ఎవరి లెక్క ఉన్నరో ఇంకా నాకు సమజైతలేదు, కానీ మంచిగుంది" అంది జర్మన్, తెలుగు కలిపి.

కోల్బీకి సగమే అర్థమైంది. అయినా ఆ సగంతోనే తృప్తిపడి, భుజాలు కదపకుండా అలాగే నిలబడ్డాడు. వంటింట్లోంచి లలితాంబ గారు కాఫీ గ్లాసులతో వచ్చి, బల్ల మీద పెట్టారు.

"ఇటు తిరగండి ఇద్దరూ, చల్లారిపోతోంది" అన్నారు.